పత్తి మీద నీళ్ళు

ఐదో తరగతి వరకే చదివాను, రాతలో తప్పులుంటే మన్నించండి. నందిగామలో ఒక పత్తి కొట్టులో కూలిపని చేస్తాను. ఈ రోజు లారీ మిల్లుకు వెళ్ళేముందు గుమస్తా నా చేతికి నీళ్ళ పైపు ఇచ్చాడు. బరువు పెరగడానికి పత్తి తడపాలట. పైపు కింద పెట్టేశాను.

"ఏం తాతా, ఆదివారం చర్చిలో చెప్పారా?" అని నవ్వాడు.

"చెప్పారండి. ఇవాళ మంగళవారమైనా గుర్తుంది."

"అయితే రేపట్నుంచి రామాకు."

"వస్తానండి. పొడి పత్తి ఎత్తుతా. తడిపింది ముట్టుకోను."

నా నోట అన్ని మాటలు ఎప్పుడూ రాలేదు. చివరికి ఆయనే పత్తి తడిపాడు, తన చొక్కాతో సహా.

రేపు ఏడింటికి క్యారేజీ పట్టుకుని అదే కొట్టుకు పోతున్నా. మీరైతే ఏం చేసేవారో త్వరగా రాయండి, బయలుదేరేలోపు చదువుకుంటా.