వియ్యపురాలి ముక్కు

ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలం నలభై రోజులూ మాంసం ముట్టని మనిషి తిరుపతి మొత్తంలో నేనొక్కడినే. మా కూతురింట్లో నాతోపాటే ఉండే వియ్యపురాలికి మాత్రం ఎవరి మీదా నమ్మకం లేదు. శుక్రవారం సాయంత్రం జపమాల ప్రార్థనకు ముందు పిల్లల గడ్డాలు పట్టుకుని, "ఏదీ, నోరు తెరువు, ఊదు" అని వాసన చూసేది. నశ్యం కారే ఆ ముక్కును పసినోటికి ఆనిస్తుంటే చూడలేక మొహం తిప్పుకునేవాణ్ణి. శుక్రవారం మాంసం మానాలనే నియమం చిన్నపిల్లలకు లేదని ఫాదర్ చెప్పినా వినేది కాదు.

నిజం ఒప్పుకోవాలి. ఒక శుక్రవారం బస్టాండు దగ్గర చికెన్ పకోడీ తిన్నాను. ఇంటికొచ్చి చేతి జిడ్డు మనవరాలి గౌనుకు తుడిచాను. ఆ ముక్కు సరిగ్గా గౌను దగ్గర ఆగింది.

"దొంగదానా, శుక్రవారం నీసు తింటావా? సిలువ ముందర మోకాళ్ళేసుకో!"

ఆ మాటకు ఒళ్ళంతా రోత పుట్టింది. "తిన్నది నేనమ్మా, పిల్లను వదులు" అని లేచి నిలబడ్డాను.

ఇదంతా రాసి, చదివి వినిపిస్తే, ఇప్పుడు ఇంటర్ చదివే ఆ మనవరాలు మొహం చిట్లించింది.

"నువ్వు యాడ లేసినావు తాతా? నేను మోకాళ్ళ మీద ఏడస్తా ఉంటే, నువ్వు కండ్లు మూసుకోని పరలోక జపం గట్టిగా చెప్తా కూసోనుంటివి."