నలభై ఐదు దగ్గర ఆగిన గొంతు

మా వదిన గొంతు ఈ ఊళ్లో వినని చెవి లేదు. వేసవి వచ్చిందంటే కూడలి స్తంభాల మీద, బస్సుల్లో, రైల్వే స్టేషన్లో అంతటా ఆవిడే. "ప్రస్తుత ఉష్ణోగ్రత నలభై రెండు డిగ్రీలు. ఎండలో తిరగకండి. నీళ్లు ఎక్కువగా తాగండి." అలా చెప్పీ చెప్పీ వీధిలో నీళ్లక్క అయి కూర్చుంది. కూరగాయలవాడు కూడా తూకం వేస్తూ, "నీళ్లక్కా, ఇవాళ ఎంతంటావ్?" అని అడిగేవాడు, అదేదో ఆవిడ ఇంట్లో వండి పెడుతున్నట్టు.

నేను ఆవిడ తమ్ముడి భార్యను. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. నాకు కోపం ఎక్కువని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది కూడా వదినే. "మా మరదలి నోట్లో సూదులుంటాయి, కాస్త దూరంగా కూర్చోండి" అనేది వచ్చినవాళ్లతో. నేను మాత్రం ఊరుకుంటానా? "ఊరందరికీ నీళ్లు తాగమని చెప్తారు, ఇంట్లో బిందె మాత్రం నేనే నింపాలి" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

అత్తగారు పోయేనాటికి మా ఆయన ఇంకా పలక పట్టుకునే వయసు. వదినే పెంచింది. పెళ్లి మాట ఎత్తితే, "ముందు వీణ్ణి చూసుకునే మనిషి దొరకనీ" అనేదట. ఆ మనిషిగా నేను దొరికేసరికి ఆవిడకు పెళ్లి మీద ధ్యాస పోయింది. వీధివైపు గదిలో ఒక మంచం, ఒక రేడియో పెట్టుకుని మాతోనే ఉండిపోయింది. మా ఆయన రోడ్లకు తారు వేసే పనిలో ఉండేవాడు. ఇంటికి రాగానే ముందు అక్క గదిలోకి తొంగిచూసి ఆ తర్వాతే చెప్పులు విప్పేవాడు.

వదిన ఆ మాటలన్నీ వేసవిలో చదివేది కాదు. చలికాలంలో ఒక రోజు వాతావరణ శాఖవాళ్లు పిలిచి, ఏడాదికి సరిపడా ఒకేసారి చదివించేవారు. గోడలకు మందపాటి గుడ్డ తాపడం చేసిన చిన్న గది. యంత్రాల కోసం అందులో ఏసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. వదిన శాలువా కప్పుకుని వడగాడ్పుల గురించి చదివేది. వాక్యాలు విడిగా, అంకెలు విడిగా. ముప్ఫై ఎనిమిది నుంచి నలభై ఐదు దాకా. తర్వాత ఏ రోజు వేడిని బట్టి ఆ రోజు యంత్రమే ముక్కలు అతికించి పలికిస్తుంది.

ఇక ప్రభుత్వం సంగతి చెప్పాలి. చెబుతుంటేనే ఒళ్లు మండుతుంది. మంత్రిగారు పరాయిదేశంలో ఏదో పెద్ద సభకు వెళ్లి, భూమిని మేం కాపాడతామని బల్ల గుద్ది వచ్చారు. వచ్చీరాగానే కొత్త బొగ్గు కర్మాగారానికి రిబ్బను కత్తిరించారు. పొగ తగ్గించే పని ఎప్పుడయ్యా అంటే, మన మనవలు పెళ్లీడుకొచ్చాక మొదలుపెడతారట! ఆ సభలో చూపించుకోవడానికి ఒకే ఒక్క నియమం చేశారు. నలభై ఆరు డిగ్రీలని ప్రకటన వెలువడితే ఆరుబయట పనులన్నీ ఆపేయాలి, ఆ రోజు కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. నియమమైతే చేశారు. నలభై ఆరు అనే అంకెను మాత్రం చదివించలేదు.

ఆ ఏడాది చదివేటప్పుడు వదిన అడిగింది. "సార్, నలభై ఆరు కూడా చదవమంటారా?"

"జాబితాలో లేదమ్మా," అన్నాడు అధికారి. "అంత ఎండ ఎక్కడొస్తుంది? జనానికి లేనిపోని భయాలు పెట్టడమెందుకు? వచ్చే ఏడాది చూద్దాం."

ఆయన వెళ్లాక రికార్డింగు చేసే అతను, "అక్కా, ఎలాగూ మైకు ముందున్నావు. ఇంకో నాలుగంకెలు చదివేయ్, నా దగ్గర దాచి ఉంచుతా" అన్నాడు. వదినకు ఆ చలికి గొంతు పట్టేసింది. బస్సు టైమైంది. "వచ్చే ఏడాది చూద్దాంలే బాబూ" అని శాలువా సర్దుకుని ఇంటికొచ్చేసింది.

ఆ వేసవిలోనే వచ్చింది అంత ఎండ.

మా ఆయనవాళ్లు పెద్ద కూడలిలో తారు పోస్తున్నారు. కింద తారు వేడి, నెత్తిన సూర్యుడు. మేస్త్రీ చెడ్డవాడేం కాదు. "స్తంభం మీద నీళ్లక్క నలభై ఆరు అంటే చాలు, నేనే పార పక్కన పడేసి ఇంటికెళ్తా" అన్నాడట. అందరూ మధ్యాహ్నం ప్రకటన కోసం చెవులు రిక్కించి ఎదురుచూశారు. "మా అక్క ఇవాళ మనల్ని ఇంటికి పంపిస్తుంది చూడండ్రా" అని మా ఆయన పందెం కూడా కాశాడట. స్తంభం మీంచి వదిన గొంతు వచ్చింది. ప్రస్తుత ఉష్ణోగ్రత నలభై ఐదు డిగ్రీలు. నీళ్లు ఎక్కువగా తాగండి. అందరూ ఉస్సురంటూ మళ్లీ పారలు పట్టుకున్నారు. ఇంకాసేపటికి మా ఆయన రోలరు పక్కనే కుప్పకూలిపోయాడు.

ఆ రోజు అసలు ఎండ నలభై ఏడు. యంత్రం దగ్గర నలభై ఐదు దాటి వదిన గొంతు లేదు. లేకపోయేసరికి ఉన్న అంకెల్లో పెద్దదాన్ని తీసుకుని అదే పలికింది. రికార్డింగు అతను ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చి ఈ మాట చెప్పేటప్పుడు వదిన తమ్ముడి కాళ్లకు మంచుగడ్డలు పెడుతోంది. చేతిలోని మంచుగడ్డ జారిపోయింది.

మనిషి దక్కాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎండ మొహం చూడకూడదన్నారు, పారే కాదు, గ్లాసు పట్టుకున్నా చెయ్యి వణుకుతుంది. ఆ రోజు ఊరు మొత్తంలో ఎంతమంది పడిపోయారో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను శాఖ ఆఫీసుకు వెళ్లి గొడవ పెట్టుకున్నాను. యంత్రం నిబంధనల ప్రకారమే పనిచేసిందన్నారు. నలభై ఆరు అని ప్రకటన వెలువడలేదు కాబట్టి ఆ నియమం కూడా వర్తించదన్నారు. అంతే, చేతులు దులిపేసుకున్నారు. ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

కుట్టిందల్లా మా వదినకే. ఫ్యాను వేస్తే లేచి కట్టేసేది. ఉక్కపోతలో తలుపు మూసుకుని కూర్చునేది. మాట్లాడితే గుసగుసగానే. తన గొంతు తనకే వినపడకూడదన్నట్టు. నాకు కోపం ఆగలేదు.

"ఈ ఎండలు మీరు తెచ్చారా వదినా? బొగ్గు మీరు తగలబెట్టారా? జాబితా మీరు రాశారా? వాళ్లంతా హాయిగా తిని పడుకుంటున్నారు. మీకెందుకీ శిక్ష?"

"అంకె చదవడానికి ఎంతసేపు పడుతుందే?" అంది. "నువ్వు సూదిలో దారం ఎక్కించేంత సేపు. వచ్చే ఏడాది చూద్దామన్నాను. వాళ్లూ అదే అన్నారు, నేనూ అదే అన్నాను. ఇంక వాళ్లకీ నాకూ తేడా ఏముంది?"

తేడా ఉందని గట్టిగా అరిచాను. ఇంతా చేసి ఆవిడ మీదే అరిచినందుకు రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను.

మళ్లీ చలికాలం వచ్చింది. మళ్లీ పిలిచారు. ఈసారి నేనూ వెంట వెళ్లాను, పోట్లాడదామనే. అధికారి ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు. "చూశారా, ప్రభుత్వం ఊరుకోలేదు. ఈసారి జాబితా యాభై దాకా ఉంది" అన్నాడు, కొత్త ఇల్లు చూపిస్తున్నవాడిలా.

వదిన జాబితా చివరిదాకా చదివి తలెత్తింది. "పనులు ఆపండి అనే మాట నలభై తొమ్మిది దగ్గరుందేంటి సార్? నలభై ఆరు కదా?"

"సవరించారమ్మా. ఇప్పుడు నలభై ఆరు మాటిమాటికీ వస్తుందట. వచ్చినప్పుడల్లా పనులాపితే దేశం ఆగిపోదా?"

"దేశం అంటే మా ఆయన కాదా?" అన్నాను నేను. నా గొంతు నాకే కీచుగా వినపడింది. ఆయన కళ్లు దించుకుని, "పైనుంచి వచ్చిన మాటమ్మా, నా చేతుల్లో ఏముంది" అన్నాడు.

మైకు ముందు కూర్చుని వదిన నా చెయ్యి పట్టుకుంది. "చదవకపోతే ఆ యంత్రం మళ్లీ నలభై ఐదనే అబద్ధమాడుతుంది. చదివితే నలభై ఎనిమిదిలోనూ కూలీలని ఎండలో నిలబెట్టేది నేనే. ఏం చెయ్యమంటావే?"

"లేచి వచ్చేయండి. మనకొద్దు ఈ పాపం."

"నేను లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. నిజం అంకె వినబడితే, పారిపోదామనుకున్నవాడు పారిపోతాడు. అదొక్కటే నేను చేయగలిగింది."

చదివింది. నలభై ఆరు అనే మాటను హెచ్చరికలా, గద్దించినట్టు పలికింది. అధికారి అద్దం వెనకనుంచి చెయ్యి ఊపాడు. "అలా వద్దమ్మా, జనం కంగారుపడతారు. ఎప్పట్లా చల్లగా చెప్పండి." వదిన శాలువా సర్దుకుంది. తర్వాత మొదటినుంచీ మళ్లీ చదివింది, ఆయన అడిగినట్టే. బస్సెక్కి ఇంటికొచ్చాం.

మా ఆయన గోడకు ఆనుకుని మాకోసమే ఎదురుచూస్తున్నాడు.

"చదివావా అక్కా?"

"చదివాన్రా."

"ఎందాకా?"

"యాభై దాకా."

"ఏదీ, ఒక్కసారి అను."

వదిన నావైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఆవిడ మెల్లగా గొంతు సవరించుకుని, ఇన్నాళ్లకు పైకి వినబడేలా, "ప్రస్తుత ఉష్ణోగ్రత యాభై డిగ్రీలు" అంది. మా ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మొహమంతా ముచ్చట.

"ఎంత చల్లగా చెప్పావే అక్కా! వింటుంటే ఎండన్న మాటే గుర్తురాదు. ఆ రోజు నువ్వు ఇలా యాభై అని చెప్పినా, నేను పార పడేసి వచ్చేవాణ్ణి కాదు."