పూల రోజుల్లోనే ఆగే బండి

మా బండికి నాయన మీద ఏదో పగ ఉందని అమ్మ అనేది. అమ్మ మాటలకేంలే అని నేను కొట్టిపారేసేదాన్ని గానీ, ఆ రోజుల్లో జరిగింది చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. అన్న తోలితే బండి ఆగదు. మెకానిక్ తోలితే ఆగదు. నాయన కూరగాయలు వేసుకుని పోయినా ఆగదు. పూలగంపలు ఎత్తుకుని తెల్లవారుజామున తిరుపతికి బయలుదేరాడంటే మాత్రం, వడమాలపేట దాటాక ఎక్కడో ఒకచోట, బాగా పోతున్న ఇంజిను ఉన్నట్టుండి చచ్చిపోతుంది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

అది డీజిల్ పికప్పు. ఎవరో వాడి వదిలేస్తే కొన్నాం. మా తోటలో చామంతి, కనకాంబరం, చుట్టుపక్కలవాళ్ళ మల్లెలు, అన్నీ కలిపి తిరుపతి పూలబజారుకు చేర్చడం నాయన పని. వయసులో ఉన్నప్పుడు లారీలు తోలినవాడు. ఏ బండి అయినా ఇంటి ముందు నుంచి పోతే చాలు, మంచంలో పడుకునే దాని జబ్బు చెప్పేవాడు. అట్లాంటి మనిషికి సొంత బండి జబ్బు అంతుపట్టలేదు.

పోతూ పోతూ ఇంజిను ఆగడమంటే చిన్న విషయం కాదు. స్టీరింగు రాయిలాగా బిగుసుకుంటుంది. బ్రేకు తొక్కితే దిగదు. వెనక మద్రాసు లారీలు హారన్ల మీద హారన్లు. మొదటిసారి ఆగిన రోజు నాయన ఇంటికొచ్చి, చెంబుడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగి, "పక్కనుంచి పోయిన లారీ అద్దం గీక్కుంటా పొయ్యింది పాపా" అన్నాడు.

మెకానిక్ దగ్గర పెట్టాం. డీజిల్ ఫిల్టరు విప్పితే అడుగున నీళ్ళున్నాయి. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాం. కొత్త ఫిల్టరు వేశాడు, పైపుల్లో గాలి తీశాడు, వైర్లన్నీ కదిలించి చూశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పుత్తూరు దాకా తోలుకుపోయి తోలుకొచ్చాడు. "బండి బంగారం మాదిరి ఉండాదక్కా" అన్నాడు. ఆ తర్వాత పూలు వేసుకున్న రోజు బంగారం మళ్ళీ నడిరోడ్డులో ఆగింది.

రెండోసారి తీసుకుపోతే మెకానిక్ నాయన ముఖం చూడలేదు. ఆనక అన్నకు ఫోన్ చేసి ఏదో చెప్పాడట. అన్న తిరుపతిలో ఒక లాడ్జిలో పనిచేస్తాడు, ఆదివారాలు ఇంటికొస్తాడు. వచ్చీరాగానే పంచలో నిలబడి మొదలుపెట్టాడు.

"నాయనా, బండిలో ఏం లేదు. నీకు తెలీకుండా కునుకు పడతా ఉండాది. గేరు మార్చేది మరిచిపోతా ఉండావు, బండి ఆగిపోతా ఉండాది. ఇంక నువ్వు తోలొద్దు."

"ఆ పొద్దన్నే లేచి పోయేది, నిద్ర రాకుండా ఉంటాదా?" అని అమ్మ వంతపాడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆదివారం వచ్చి అన్నం తిని పోయేవాడివి, నీకేం తెలుసు? నువ్వు సూసినావా ఆయన నిద్రపోయేది?" అని ఎగబడ్డాను.

"మేయ్, నువ్వు గమ్మునుండు. రేపు లారీ కింద పడితే నువ్వు తెస్తావా నాయన్ని?" అన్నాడు. వాడి కోపం కూడా భయమేనని తెలుస్తూనే ఉంది, అయినా చెంప పగలగొట్టాలనిపించింది.

నాయన మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి అరుగు మీద పెట్టి పెరట్లోకి పోయాడు. పూల మీద నీళ్ళు చల్లుతుంటే నేనూ పోయి పక్కన నిలబడ్డాను. తల ఎత్తకుండానే అన్నాడు. "నిజమేనేమో పాపా. నాకు తెలీకుండానే కండ్లు మూతలు పడతా ఉండాయేమో. నాకే అగుపడలేదు సూడు." నన్ను ఏ మాటా అంతగా భయపెట్టలేదు. బండి తీసేస్తే ఇంట్లో కూర్చుని మనిషి ఏమైపోతాడో అప్పుడే కళ్ళకు కట్టింది.

చివరికి అన్నతో కొట్లాడి ఒక ఒప్పందానికి తెచ్చాను. ఇంకొక్క పూల లోడు. పక్కన నేను కూర్చుంటాను. నాయన కునికాడని నేను చెబితే తాళంచెవి మళ్ళీ ఆయన చేతికి రాదు.

ఆ పొద్దు నాయన ఎప్పటిలాగే తలకు పోసుకున్నాడు. చెప్పులు విడిచి, పసుపునీళ్ళతో బండి వెనక భాగమంతా కడిగాడు. దేవుడికి పోయే పూలని ఎవరూ ముక్కు దగ్గర పెట్టుకోకూడదు, మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి. ట్యాంకు మూత దగ్గర డీజిల్ కారేది; బండి మొదటిసారి ఆగడానికి ముందు బజారులో వ్యాపారి ఒక గంప పక్కకు నెట్టి, "డీజిల్ కంపు కొడతా ఉండాయి, సామికి ఎట్లా ఇచ్చేదప్పా ఈ పూలు?" అన్నాడట. నాయనకు తల కొట్టేసినంత పనైంది. అప్పటినుంచి గంపలు ఎత్తాక, ట్యాంకు మూత మీద దళసరి ప్లాస్టిక్ కవరు తొడిగి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేవాడు. పూలు దించాక విప్పి సీటు కింద దాచుకునేవాడు. ఆ రోజూ అట్లాగే కట్టి, మూతకు దండం పెట్టి ఎక్కాడు.

దారంతా నేను రోడ్డు చూడలేదు, ఆయన కళ్ళే చూశాను. రెప్ప వేయడానికి కూడా భయపడుతున్నట్టు తోలాడు. గేర్లు ఎక్కడ మార్చాలో అక్కడ మార్చాడు. వడమాలపేట దాటాం. కొంత దూరం పోయాక ఇంజిను లాగడం తగ్గింది, ఒకసారి ఎగిరి, ఆగిపోయింది. నాయన రెండు చేతులతో స్టీరింగు మీద పడి ఎట్లాగో బండిని మట్టిలోకి దించాడు.

"నేను నిద్రపోలే కదా పాపా?"

"లేదు నాయనా."

"సరింగా సూసినావా?"

"అమ్మతోడు. నువ్వు రెప్ప కూడా ఎయ్యలే."

ఆ మాట చెబుతుంటే నాకు సంతోషం, ఆ వెంటనే ఏడుపు. దీని దుంప తెగ, మనిషిని తినేస్తోంది పాడు బండి, అని దిగి టైరును తన్నాను. డీజిల్ ముల్లు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది, అసలు ట్యాంకులో ఉందో లేదో చూద్దామని మూత దగ్గరికి పోయాను. ట్యూబు విప్పితే కవరు ఊడిరాలేదు. ఎవరో లోపలినుంచి పీలుస్తున్నట్టు మూతకు కరుచుకుని ఉంది. గోళ్ళతో లాగేసి మూత తిప్పాను. ఉస్స్‌మంది.

లారీల రొదలో ఆ చప్పుడు పక్కనున్న నాకే లీలగా వినపడింది. నాయన తల కిటికీలోంచి బయటికొచ్చింది.

"ఆ సప్పుడేంది?"

"గాలి నాయనా."

"లోపలికి పొయ్యిందా, బయటికి వచ్చిందా?"

"లోపలికి."

దిగి వచ్చాడు. కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మళ్ళా కట్టు" అన్నాడు. ఎందుకని అడిగితే, "కట్టమంటా ఉండానా లేదా!" అని అరిచాడు. కట్టాను. తాళం తిప్పగానే బండి లేచింది. ఇంకాస్త దూరం పోయామో లేదో, మళ్ళీ అదే లాగలేకపోవడం, అదే ఆగడం. ఈసారి ఆయనే దిగి కవరు లాగాడు. ఉస్స్. తాళం తిప్పితే బండి లేచింది.

"డీజిల్ తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి పోవాల. మూతలో దానికి సన్న దోవ ఉంటాది. నేనే మూసేసినా" అన్నాడు. "దేవుడి పూలకు వాసన తగలకూడదని నేనే మూసేసినా పాపా."

రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను. దగ్గరికి పోతే భుజాలు వణుకుతున్నాయి. అన్ని రోజులూ ఇంట్లోవాళ్ళు అన్న మాటలన్నీ ఆ తువ్వాల్లో కుక్కుకుంటున్నాడు.

ఆదివారం అన్న వచ్చాడు. విన్నాడు. మెకానిక్ దగ్గరికి పోయి కారని కొత్త మూత తనే తెచ్చి బిగించాడు. తాళంచెవి నాయన చేతిలో పెడుతూ, "నీకేమన్నా అయితాదని భయపడి అన్నాలే నాయనా" అన్నాడు, నేల చూస్తూ. నాయన తలూపి మొలతాడుకు కట్టుకున్నాడు. అమ్మ ఆ పూట రాగిసంగటిలోకి ఆయనకిష్టమైన శెనగవిత్తనాల ఊరుబిండి నూరింది. ఇంతేగదా, అయిపోయిందనుకున్నాను.

తర్వాతి పూల లోడుకు, నేను రానంటే, "రాకూడదా పాపా" అని పిలిచాడు. వడమాలపేట దాటాం. ఎప్పుడూ ఆగే చోటు దాటాం. బండి రయ్యిమని పోతోంది, కొత్త మూత దగ్గర చుక్క కారలేదు, కాళ్ళ కింద రేకు ఇంజిను ఆటకు అదురుతోంది. ఎదురుగా తిరుమల కొండ తెల్లవారుతోంది. నాయన స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, ముఖం తిప్పకుండా అడిగాడు.

"ఇంజిను ఆడతా ఉండాదా పాపా?"

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన వైపు తిరిగాను. ఉస్స్‌మన్న చప్పుడును లారీల మధ్య విన్న మనిషి, తన చెవుల మీద తనకే నమ్మకం లేక, తన కింద మోగుతున్న ఇంజిను గురించి నన్ను అడుగుతున్నాడు.

"ఆడతా ఉండాది నాయనా."

కాస్త దూరం పోయాక మళ్ళీ అడిగాడు. పూలబజారు వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను.