పప్పులో మునిగిన గోలు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిరోడ్డంతా మాకు ఫుట్‌బాల్ మైదానం. అంత పొడుగు మైదానం భూప్రపంచంలో లేదు. ఈ గోల్ దగ్గరివాడికి ఆ గోల్ కనపడాలంటే దుర్భిణి కావాలి.

ఆ రోజు మా కొత్తపేట జట్టుకీ మీర్‌పేట్ జట్టుకీ పోటీ. రెఫరీ మా పక్క వాటాలో కిరాయికుండే గుంటూరు లెక్కల మాస్టారు. ఆయనకు ఆటకన్నా బంతి నిబంధనలంటే ప్రాణం. చుట్టుకొలత అరవై ఎనిమిది నుంచి డెబ్బై సెంటీమీటర్లు, బరువు నాలుగు వందల పది నుంచి నాలుగు వందల యాభై గ్రాములు ఉండి తీరాలి. పక్కనే ఉద్యమం వాళ్ల వంటావార్పు. నిరసనగా రోడ్డు మీదే వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తున్నారు. మాస్టారు అక్కడి కాటా మీద బంతిని తూచి, టేపుతో కొలిచి, పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలా తలూపాకే ఈల వేశారు.

పుట్టిన దగ్గర్నుంచీ నేనొక్క గోలూ కొట్టి ఎరగను. బంతి దగ్గరికి ముందు నా పొట్ట చేరేది, కాలు ఎప్పుడో తీరిగ్గా వచ్చేది. ఆ రోజు ఎవరో తన్నిన బంతి మేఘాలను పలకరించి, తిన్నగా పప్పు గుండిగలో పడింది. వండే అక్క గరిటెతో పైకి తీసింది. మాస్టారు దాన్ని శాస్త్రోక్తంగా నేలమీద వదిలి ఈల వేశారు. నేను కళ్లు మూసుకుని తన్నాను. బంతి పసుపుపచ్చ తోకచుక్కలా దూసుకుపోయింది. మీర్‌పేట్ గోల్‌కీపర్ తెల్లచొక్కాను కాపాడుకోవడానికి పక్కకు దూకాడు. గోల్!

"ఏంది సారూ, గది బాలా, పప్పు మూటా? జర కాటా మీద పెట్టు!" అని లేచాడు కీపర్.

పెట్టారు. ముల్లు అరకిలో దాటింది. నా జన్మకు దక్కిన ఒకే ఒక్క గోల్ కళ్లముందే ఆవిరైపోతోంది.

"ఆగండి! నిబంధనలో చెప్పిన బరువు ఆట మొదలెట్టేటప్పుడు ఉంటే చాలండీ. మధ్యలో అది పప్పు తాగినా, పాయసం తాగినా మనకనవసరం. గోలే!" అన్నారు మాస్టారు.

నేను గాల్లోకి ఎగరబోయాను. అక్క గరిటె అడ్డంపెట్టింది.

"గోలైతే గోలే, అన్నా. మరి బాల్ మునిగిన పప్పు ఎవలు తింటరు? గోల్ నీదైతే పప్పు గూడ నీదే. కూసో!"

"ముద్ద మిగిలినా గోల్ వాపస్!" అన్నాడు కీపర్, నా విస్తరి ఎదుటే మఠం వేసుకుని.

తోలు వాసన, రోడ్డు దుమ్ము, రెండు జట్ల కాళ్ల పుణ్యం, అన్నీ కలిసిన పప్పు. అక్క వడ్డిస్తూనే ఉంది. నేను తింటూనే ఉన్నాను. ఎట్టకేలకు గుండిగ అడుగు కనిపించింది. విస్తరి మడిచాను.

కీపర్ లేచి, గుండిగలోకి తొంగిచూసి, ఎల్బీనగర్ దాకా వినపడేలా తనే అరిచాడు: "ఒకటి–సున్నా!"