అక్క చెప్పిన సాక్ష్యం

ముందే చెప్పేస్తున్నాను, నేను పిల్లిని చూసొచ్చి పులి అని రాసే రకం. మీకు తోచినంత తగ్గించుకుని చదవండి.

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను సిగ్నలు ఇంకా మా కొండ ఎక్కని రోజుల్లో, ముంచింగిపుట్టు దగ్గర ఒక రేకుల చర్చికి మా నాన్న పాస్టరు. పాస్టరుగారి పిల్లలంటే ఊరందరి సొత్తు. నేను ప్రార్థనలో తుమ్మితే మూడు కొండల అవతల చెప్పుకునేవారు (తుమ్ము పూర్తయ్యేలోపే వార్త చేరేది). అక్క సంగతి వేరు. ఊళ్లో తల్లులు తమ కూతుళ్లను కొట్టేముందు "అయ్యగారి గుంటను సూసి నేర్సుకోండే" అనేవారు. ఆ మంచితనమే ఆమె కొంప ముంచింది. ఏటా ఊరంతా వచ్చే యువజన కూడికలో ప్రతివాళ్లూ లేచి, దేవుడు తమను ఏ పాపంలోంచి బయటికి లాగాడో సాక్ష్యం చెప్పాలి. మిగతావాళ్లకు సారా ఉంది, పేకాట ఉంది, ఒకాయనకైతే తాగిన మత్తులో ఎలుగుబంటితో కుస్తీ కూడా ఉంది (ఆ ఎలుగుబంటి ఏటేటా ఎదిగేది). అక్కకు ఏముంది? "చిన్నప్పటినుంచీ ప్రభువులోనే పెరిగాను" అనగానే జనం ఆవలించేవారు.

ఆ ఏడు అక్క లేచి, కళ్లు మూసుకుని, "నేను దొంగచాటుగా జీలుగు కల్లు తాగాను. కుండెడు. ప్రభువు విడిపించాడు" అంది.

డోలకు మీద పడబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా సంఘంలో కల్లు వాసన చూడటం కూడా నిషేధం, పైగా అక్క గంజి తాగితేనే తూలే మనిషి. చర్చి తాళంచెవి మొలకు కట్టుకుని తిరిగే సంఘపెద్ద నిదానంగా లేచాడు.

"సొంత గుంటనే కాసుకోలేనోరు మమ్మల్నేటి కాత్తారు అయ్యగారూ? వచ్చే ఆదివారం నుంచి మీరు వాక్యం సెప్పొద్దు."

వాక్యం ఆగితే మా ఇల్లూ పోయినట్టే, అది చర్చివారి ఇల్లు. నాన్న తల దించుకున్నాడు. అప్పుడు వెనక చాప మీంచి ఒక ముసలమ్మ అడిగింది.

"ఎలాగుందే గుంటా, కల్లు?"

అక్క కళ్లు తెరవకుండానే చెప్పింది. "కారంగా ఉంది. నాలుక కాలింది."

"ఇది తాగలేదర్రా. జీలుగు కల్లు కారమేటి? పొద్దుట దింపింది తియ్యగుంటాది."

"సాయంత్రానికి పులుత్తాది," అన్నాడు ఎలుగుబంటి ఆయన.

"పులిసినా మండదు," అన్నాడు సంఘపెద్ద, న్యాయం నిలబెట్టే ఊపులో. "మొన్న దింపింది కూడా..."

చర్చి మొత్తం ఆయన వైపు తిరిగింది. ఆయన భార్య అందరికంటే ముందు తిరిగింది.

"బేగి పాట ఎత్తండర్రా," అన్నాడాయన.

నాన్నను వాక్యం చెప్పొద్దన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇంటిదారిలో అక్క, "ఏ పాపమూ చెయ్యలేదని చెప్పడానికి సిగ్గేసింది నాన్నా" అంది. నాన్న ఒక రాతిమీద చతికిలబడి, కాఫీ తోటలో పిట్టలన్నీ లేచిపోయేదాకా నవ్వాడు.

కల్లూ, సాక్ష్యమూ, "మొన్న దింపింది" అన్న మాటా అన్నీ జరిగినవే. నాన్న నవ్వడం ఒక్కటే నా కల్పన. ఆయన ఏమీ అనలేదు. అక్క చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచాడు, అంతే. నవ్వించడం తప్ప ఇంకేమీ చేతకాని నాకు, ఆ నడకను ఎలా రాయాలో ఈ వయసులోనూ తెలియక, ఆయన్ని కూడా నవ్వించేశాను.