వేదిక మీద ఉంచిన కళ్ళద్దాలు

జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక అద్దె హాల్లో కూడుకుంటుంది. ఆదివారం వాక్యం చదివే వంతు చాలాకాలంగా నాదే. నా చూపు మరీ మందగించినప్పుడు పాస్టర్‌గారు నుదుటికి నూనె రాసి ప్రార్థించారు. స్వస్థత పొందామని నమ్మినవాళ్ళు కళ్ళద్దాలు తీసి వేదిక మీద ఉంచడం మా దగ్గర ఆనవాయితీ. నేనూ ఉంచాను. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ వారమే పాపను బడి నుంచి తీసుకొస్తూ రోడ్డు దాటబోయాను. పాప నా కోటు పట్టుకుని వెనక్కి లాగింది. బస్సు మా ముందు నుంచే దూసుకుపోయింది. నాకది బూడిదరంగు మసకలా కనిపించిందంతే.

ఆ రాత్రి మా ఆయన, "కంటి డాక్టర్‌కి ఫోన్ చేసి టెర్మిన్ తీసుకోనా? ఏ రోజు రమ్మంటారో కనుక్కుంటాను," అని అడిగారు.

"ఆదివారం దాకా ఆగండి," అన్నాను. అద్దాలు మళ్ళీ పెట్టుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనేమోనని భయం. పెట్టుకోకపోతే పాపకేమవుతుందోనని అంతకు మించిన భయం.

మర్నాడు పాప బడి సంగతులు చెబుతోంది. "అమ్మా, బ్రిల్లె అన్న మాట రాయి పేరు నుంచి వచ్చింది, తెలుసా?"

"కళ్ళజోడుకి రాయి పేరేంటే?"

"బెరిల్. పాతకాలంలో దాన్ని నున్నగా అరగదీసి, అక్షరాల మీద పెట్టి చదివేవాళ్ళంట. టాయిలెట్ సీటు కూడా బ్రిల్లెనే అమ్మా, క్లోబ్రిల్లె." చెప్పి పడీ పడీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పరిశుద్ధ పట్టణపు పునాదిరాళ్ళు నాకు కంఠస్థం. ఎనిమిదవది గోమేధికం; దాన్నే బెరిల్ అంటారని ఎప్పుడో విన్నట్టు గుర్తు. ప్రకటన గ్రంథంలో ఆ అధ్యాయం తీసి, పాప జర్మన్ బైబిల్లో ఆ రాయి పేరు చదవమన్నాను.

"బెరిల్," అంది.

నా తెలుగు బైబిల్లో అదే పేజీ నా ముందుంది. ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. దేవుడు తన పట్టణానికి పునాదిగా వేసిన రాయిని మనుషులు చదువుకోవడానికి వాడారు. ఆయన ఇచ్చిన సాయాన్నే నేను ఆయన పేరు చెప్పి వదిలేశానా?

ఆదివారం నా వంతు వచ్చింది. వేదిక మీద మరో జత పక్కన నా అద్దాలు అలాగే ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాను. పెట్టుకున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు.

"చదువమ్మా," అన్నారు పాస్టర్‌గారు.

ఆ అధ్యాయమే చదివాను. వచ్చి కూర్చోగానే పాస్టరమ్మగారు నా చెవి దగ్గరకు వంగారు.

"కంటి డాక్టర్ దగ్గర టెర్మిన్ ఎప్పుడమ్మా? నేనూ వస్తాను. ఆ రెండో జత నాదే."