అత్తయ్య తోమిన గాజుపలకలు

భవానీపురంలోని మా ఫ్లాటులో వంటింటి కిటికీ మీద ఒక గాజుసీసా ఉంది. అందులో మనీప్లాంటు తీగ పెరుగుతోంది. నీళ్ళు మార్చడం ఒక వారం తప్పిందంటే సీసాకు తేనెరంగు పొర పడుతుంది. అదీ వెలుతురు తగిలే వైపు మాత్రమే. గదివైపు గాజు ఎప్పటిలాగే తేటగా ఉంటుంది. నిన్న పనిమనిషి ఆ సీసాను సింకులోకి దింపి పీచు అందుకుంది. "అది తోమకమ్మా!" అన్నాను, అవసరానికి మించిన గొంతుతో. ఆమె సీసాను, నన్ను మార్చి మార్చి చూసింది. "పాచి పట్టిపోయిందండీ. ఉంచుకుని ఏం చేసుకుంటారు?" అంది. దానికి జవాబు చెప్పాలంటే మా మేనత్త నుంచి మొదలుపెట్టాలి. పనిమనిషికి ఇంకా రెండిళ్ళ పని ఉంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

చల్లపల్లికి కాస్త ఇవతల, మెయిన్ రోడ్డు నుంచి నడిచిపోయేంత దూరంలో అత్తయ్యా వాళ్ళ ఊరు. పెరటి తలుపు తీస్తే పిల్లకాలువ, దానికి నాలుగు రాతిమెట్ల రేవు. అత్తయ్యకు శుభ్రత ఒక అలవాటు కాదు, ఒక పోరాటం. ఆమె ఇత్తడి బిందెల్లో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. రేవు మెట్లు ఊరందరివీ కదా అని ఊరుకునేది కాదు. నీళ్ళపొయ్యి బూడిద, కొబ్బరిపీచు పట్టుకుని దిగి వాటినీ తోమేది. లెక్కల మాస్టారుగా రిటైరైన మామయ్య వసారాలో పేపరు చదువుతూ, "వీలుంటే మీ అత్త కాలువలో నీళ్ళు కూడా తోడి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ పోస్తుందిరా" అనేవారు. "మీరు జారి పడితే లేపేది నేనేగా!" అని రేవులోంచి సమాధానం వచ్చేది.

తొంభైల చివర నేను విజయవాడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం పాఠాలు చెబుతూ, సెలవు రోజుల్లో పరిశోధన చేసేవాణ్ణి. నా విషయం ఆ పాచే. కంటికి బంకలాగా కనిపించే ఆ గోధుమరంగు పొరలో డయాటమ్‌లని సూక్ష్మమైన నాచుజీవులు ఉంటాయి. ప్రతి ఒక్కటీ ఒకే కణం. ఇసుకలో ఉండే పదార్థాన్నే నీటిలోంచి పీల్చుకుని, తన చుట్టూ తానే ఒక గాజుపెట్టె కట్టుకుంటుంది. మూతా అడుగూ ఒకదానిలో ఒకటి సరిగ్గా అమరే పెట్టె. దాని మీద ఏ కంసాలీ చెక్కలేనంత సన్నని గీతలు. ఒకే కాలువలో, చేయి చాపితే అందేంత దూరంలో, ఒక రాయి మీద ఒక జాతి, పక్కరాయి మీద మరో జాతి ఎందుకు నిలుస్తాయన్నది నా ప్రశ్న. అందుకోసం గాజుపలకలను చెక్కచట్రాల్లో బిగించి కాలువలోకి దింపాను: తూము దగ్గర నీరు దూకే చోట కొన్ని, రేవు పక్కన నీరు మందగించే చోట కొన్ని, అక్కడే కొబ్బరిచెట్ల నీడలో మరికొన్ని. వారానికోసారి కరకట్ట మీది బస్సెక్కి వచ్చి, ఎండ, నీటి వేగం, లోతు రాసుకుని వెళ్ళేవాణ్ణి. కొలవకుండా ఏదీ నమ్మని స్వభావం నాకు అప్పటినుంచే ఉంది.

అయితే మా గైడు గారు ఒక ముల్లు గుచ్చి వదిలారు. "నువ్వు పలకలు ఒక్కో చోట ఒక్కో వారం దింపావు కదయ్యా. ఈ తేడా చోటు వల్ల వచ్చిందా, ముందొచ్చినవి జాగా ఆక్రమించుకోవడం వల్ల వచ్చిందా? ఎలా తేలుస్తావు?" గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఆ వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేసేలోపు పని తేలకపోతే నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అన్నేళ్ళ ప్రయాణాలూ వృథా. నెలల తరబడి పొర పట్టిన ఆ పలకలే నా ఆఖరి ఆశ.

వాటిని తీసుకుపోవడానికి వెళ్ళిన రోజు అత్తయ్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె చేతిలో స్టీలుపళ్ళెం, దాని మీద తెల్లటి తువ్వాలు. తువ్వాలు తీసింది. నా పలకలన్నీ తళతళలాడుతూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఎంత పాచి పట్టాయిరా నాన్నా! నీకు శ్రమ లేకుండా చట్రాల్లోంచి తీసి, బూడిదేసి తోమి ఆరబెట్టాను. ఒక్కటీ పగల్లేదు చూడు."

మామయ్య పేపరు దించి నా ముఖం చూశారు, తర్వాత పళ్ళెం చూశారు. "కాలువలో పాచి మేసే నత్తలన్నీ కలిసి ఏడాదంతా చేసే పని మీ అత్త ఒక్క పూటలో చేసేసింది" అన్నారు నెమ్మదిగా. విషయం తెలిసి అత్తయ్య పీటమీద కూలబడింది. "మళ్ళీ పట్టదంటావా?" అని అడిగింది.

పడుతుంది. కాలువ కట్టేయడానికి రెండు వారాలైనా లేవు. ఏ పలక ఏ చోటిదో తెలియకుండా కలిసిపోయాయి కనుక చేతికొచ్చింది చేతికొచ్చినట్టే అన్ని చోట్లా ఒకే ఉదయం దింపాను. కాలేజీకి సెలవు పెట్టి అత్తయ్య ఇంట్లోనే ఉండిపోయాను. రోజుకో పలక చొప్పున ప్రతి చోటినుంచీ తీసి, భోజనాల బల్ల మీద కిటికీ ఎండలో మైక్రోస్కోపు కింద పెట్టాను. అన్నేళ్ళూ నేను పలకల మీద కాపురాలు స్థిరపడ్డ ఊళ్ళనే చూశాను. ఊరు పుట్టడం చూడలేదు. మొదటిరోజు అన్ని పలకల మీదా దాదాపు అవే జాతులు, అక్కడొకటి ఇక్కడొకటిగా. నీరు అందరినీ అన్ని చోట్లకూ తెచ్చింది. తర్వాత చోటు తన మాట చెప్పడం మొదలుపెట్టింది. తూము దగ్గర గాజుకు బల్లపరుపుగా కరుచుకున్న పొట్టివి తప్ప తక్కినవి కొట్టుకుపోయాయి. మెల్లని నీటిలో సన్నని కాడల మీద నిలబడేవి, గొలుసులు కట్టేవి వచ్చి, కిందివాటికి వెలుతురు అడ్డుకుంటూ అంతస్తులు లేపాయి. నీడలో ఊరు పలచగా మిగిలింది. నత్త పాకిన చోట ఖాళీ బాట, ఆ బాటలో మళ్ళీ ఆ పొట్టివే ముందుగా. ఒక్క నీటిబొట్టంత మేర ఇంత కట్టుబాటు! నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

"ఏముందిరా అందులో?" అని అత్తయ్య వచ్చింది. చూడాల్సిన కన్ను మూసి, రెండోది తెరిచి, "నా రెప్పే కనిపిస్తోంది" అంది. సర్ది చూపించాక చాలాసేపు కదల్లేదు. పడవలాంటిది ఒకటి బంగారు రంగులో మెల్లగా జారుతూ పోతోంది.

"కదులుతోందిరా! ప్రాణం ఉందా వీటికి?"

"ఉంది అత్తయ్యా."

"నేను తోమినవాటికీనా?"

ఆమె మళ్ళీ వంగి, ఈసారి కన్ను పొరబడకుండా, చూస్తూ ఉండిపోయింది.

ఆ అధ్యాయం చదివి గైడు గారు కళ్ళజోడు తీశారు. "అన్ని చోట్లా గాజు ఖాళీ చేసి, ఒకే రోజు మొదలుపెట్టడం బాగుందయ్యా. చోటు సంగతి తేలిపోయింది. ఈ ఆలోచన ఎవరిది?"

"మా అత్తయ్యదండీ."

"ఏ యూనివర్సిటీ?" అన్నారాయన.

అత్తయ్య ఆ తర్వాత కూడా రేవు తోముతూనే ఉంది, కానీ నీటిలో మునిగే ఆఖరి మెట్టు జోలికి పోలేదు. మామయ్య దాని మీద జారి, "నీ చుట్టాలు నన్ను తోసేశారే" అని కేకేస్తే, "చూసి దిగండి, వాళ్ళ ఇల్లది" అనేది. ఇద్దరూ లేరిప్పుడు. రేవూ లేదు, కాలువకు సిమెంటు గోడలు కట్టారు. పోయిన ఏడు వెళ్ళి వంగి చూశాను. నీటి అంచున ఆ సిమెంటు మీద తేనెరంగు గీత ఒకటి పడి ఉంది.

పనిమనిషి నిన్ననే సీసాను కిటికీలో మళ్ళీ పెట్టి వెళ్ళింది. ఇవాళ్టి మధ్యాహ్నపు ఎండ ఆ పొరలోంచి గోడ మీద పడుతోంది. కాలం అన్నిటినీ తోమి ఆరబెడుతుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. తోమిన చోట మొదట వచ్చి కరుచుకునేవి అతి చిన్నవని, ఆ తర్వాతే మిగతా ఊరంతా వస్తుందని, సీసా కోసం అరిచిన నా నోట ముందు అత్తయ్య గొంతు వినిపించి, ఆ వెనకే ఆ రేవూ ఇల్లూ గుర్తుకొచ్చిన నిన్ననే తెలిసింది.